ఆ ఖాళీ రోడ్లు ఎవరి పుణ్యం?

స్పెయిన్‌లో సైకిలు తొక్కి వచ్చినవాళ్ళు మొట్టమొదట చెప్పే మాట ఒకటే: అక్కడి రోడ్లు ఖాళీగా ఉంటాయి. నేనూ చెబుతుంటాను, అది నిజం కూడా. ఉత్తరాన పికోస్ దె యూరోపా పర్వతాల చుట్టూ, నదులు కోసుకుపోయిన గండ్లలో, నున్నటి తారు రోడ్డు మీద చాలాసేపు తొక్కినా ఒక్క కారు ఎదురుకాని పొద్దులు ఉంటాయి. అయితే ఆ ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చిందో మాట్లాడేవాళ్ళు తక్కువ. ఫోటో పెట్టి, కింద "స్వర్గం" అని రాసి ఊరుకుంటాం. మనుషులు ఊళ్ళు విడిచి వెళ్ళిపోతే మిగిలిన ఖాళీ అది. దాన్ని అనుభవించడానికి వచ్చే సైకిలిస్టు ఆ ఊళ్ళకి బాకీ పడతాడనీ, ఆ బాకీ తీర్చకుండా వెళ్ళిపోవడం న్యాయం కాదనీ నా వాదన.

ముందు దారి చెబుతాను. అస్తూరియాస్ ప్రాంతంలోని కంగాస్ దె ఓనీస్ దగ్గర బయలుదేరి సెయా నది వెంట దక్షిణంగా ఎక్కితే లోస్ బేయోస్ గండి వస్తుంది. దాని పైన పోంతోన్ కనుమ, కనుమకి అవతల లెయోన్ జిల్లాలో రియాన్యో జలాశయం. అక్కణ్ణుంచి తూర్పుకి తిరిగి 1,609 మీటర్ల ఎత్తున్న సాన్ గ్లోరియో కనుమ దాటితే కాంతాబ్రియా ప్రాంతపు లియెబనా లోయ, అందులో పోతెస్ అనే చిన్న పట్టణం. పోతెస్ నుంచి దేవా నది వెంట ఉత్తరంగా దిగే దారి ఎర్మీదా గండి. పొడవు 21 కిలోమీటర్లు. స్పెయిన్‌లో ఇంత పొడవైన గండి మరొకటి లేదంటారు. పానెస్ దగ్గర ఎడమకి తిరిగి కబ్రాలెస్ మీదుగా వస్తే మళ్ళీ కంగాస్. మొత్తం 200 కిలోమీటర్ల పైచిలుకు. గట్టివాళ్ళు ఒక్క రోజులో చుట్టేస్తారు. నేను మాత్రం మూడు నాలుగు రోజులు తీసుకోమంటాను. ఎందుకంటే చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఈ గండ్లు ఎందుకింత లోతుగా ఉన్నాయో పటం చూస్తేనే అర్థమవుతుంది. 2,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. వాటికి సముద్రం ముప్ఫై కిలోమీటర్ల లోపే. అంత ఎత్తు నుంచి అంత దగ్గర్లోనే కడలిలో కలవాల్సిన నీళ్ళు నిదానంగా పారవు. పైగా కింద ఉన్నది సున్నపురాయి. నీళ్ళు దాన్ని కోస్తాయి, కరిగిస్తాయి కూడా. గండికోటలో పెన్నా నదిని మనం అంచున నిలబడి కిందికి చూస్తాం కదా, లోస్ బేయోస్‌లో చూపు తలకిందులవుతుంది. రోడ్డు నది పక్కనే, రాతిని తొలిచి వేసింది. ఒక పక్క చేతికి అందేంత దగ్గరలో గోడ, ఇంకో పక్క మోకాలి ఎత్తు పిట్టగోడ, దాని కింద పచ్చటి నీళ్ళు. ఎత్తు చూద్దామని తల ఎత్తితే సైకిలు తూలుతుంది, అందుకని ఆగి చూడాలి. కొన్నిచోట్ల కొండ రోడ్డు మీదికి కప్పులా వంగి ఉంటుంది. వాన వెలిసి రెండు రోజులైనా అక్కడ నీటి చుక్కలు రాలుతూనే ఉంటాయి. తారు మీద ఆ తడి మచ్చలు ఎండలో కనపడవు, మలుపు తిరిగాక నీడలోకి వెళ్ళేసరికి చక్రం కిందే ఉంటాయి.

శబ్దం సంగతి ఇంకా విచిత్రం. వెనక లారీ వస్తుంటే ముందు నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. రెండు గోడల మధ్య ప్రతిధ్వని అటూ ఇటూ తిరిగి, ఆ బండి ఎంత దూరంలో ఉందో, ఎటు నుంచి వస్తోందో చెవికి అంతు చిక్కదు. అందుకే పట్టపగలైనా వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. సొరంగాల కోసం ముందు లైటు కూడా.

ఓసారి ఆ గండిలోనే పాల ట్యాంకరు ఒకటి నా వెనక పడింది. మలుపు మీద మలుపు, ముందేముందో కనపడని దారి. అంత పెద్ద బండి నన్ను దాటే వీలే లేదు. డ్రైవరు హారన్ కొట్టలేదు, ఇంజిను గర్జించలేదు, దగ్గరికి వచ్చి తొందరపెట్టలేదు. నా వేగం గంటకి పదిహేను కిలోమీటర్లుంటే అతనిదీ పదిహేనే. రోడ్డు పక్కన కాస్త జాగా కనపడగానే నేను దిగి నిలబడ్డాను. దాటుతూ కిటికీలోంచి రెండు వేళ్ళెత్తి వెళ్ళిపోయాడు.

ఆ ఓర్పుకి వెనక చట్టం ఉంది. స్పెయిన్‌లో సైకిలుని దాటే వాహనం పక్కకి కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలి. ఒకే దిశలో రెండు వరసలున్న రోడ్డైతే పూర్తిగా పక్క వరసలోకి మారి దాటాలి. ఎదురు బండికి ప్రమాదం లేనప్పుడు, సైకిలుని దాటడానికి మధ్యనున్న తెంపులేని గీతని కూడా తొక్కవచ్చు. ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు. 1999 చట్టం ప్రకారం గుంపుగా వెళ్ళే సైకిళ్ళన్నీ కూడళ్ళలో ఒకే వాహనం కింద లెక్క: మొదటి సైకిలు లోపలికి వచ్చిందంటే చివరిది దాటేదాకా మిగతావాళ్ళు ఆగాలి. 2022 మార్చి నుంచి ఎడం పాటించనివాడి లైసెన్సులో 6 పాయింట్లు కోస్తున్నారు. మామూలు డ్రైవరుకి మొదట ఉండేవి 12. మన వంతుకొస్తే, ఊరు దాటిన రోడ్ల మీద హెల్మెట్ తప్పనిసరి.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. దాన్ని నేను తక్కువ చేయను, నగరానికి అలాంటివి కావాలి. కానీ గండిలో రెండో దారి వేయడానికి చోటే ఉండదు. అక్కడ ఉన్న ఒక్క రోడ్డునీ పంచుకోవాల్సిందే. పంచుకోవడం అంటే ఒకరు తమ సమయంలో కొంత వదులుకోవడం. ఆ పాల ట్యాంకరు డ్రైవరు వదులుకున్నాడు. అతనికి అది రోజూ చేసే పని, నాకు సెలవు. చట్టం నా పక్షాన ఉంది కాబట్టి అతణ్ణి ఎంతసేపైనా వెనక నడిపించవచ్చు అనుకునే సైకిలిస్టులని చూశాను, వాళ్ళతో నాకు పేచీ. జాగా దొరికిన ప్రతిచోటా పక్కకి తప్పుకోవడం మన పని. ఆ రోడ్డు మనకోసం వేయలేదు.

ఎవరి కోసం వేశారో వాళ్ళలో చాలామంది ఇప్పుడక్కడ లేరు. 1950ల నుంచి 1970ల దాకా స్పెయిన్ పల్లెలు పెద్ద ఎత్తున ఖాళీ అయ్యాయి. మాడ్రిడ్, బార్సిలోనా, బిల్బావో ఫ్యాక్టరీలు పిలిచాయి, పొలంలో ట్రాక్టరు వచ్చి పదిమంది పని ఒక్కడు చేశాడు, కొండ ఊళ్ళలో కొడవలితో గడ్డి కోసి నాలుగు ఆవుల్ని మేపుకునే బతుకు గిట్టుబాటు కాలేదు. పిల్లలు తగ్గితే బడి మూతపడింది. బడి మూతపడితే మిగిలిన పిల్లల తల్లిదండ్రులూ కదిలారు. తూర్పున తెరువెల్ జిల్లాలో ఇవాళ చదరపు కిలోమీటరుకి సుమారు 9 మంది ఉంటారు. ఆంధ్రలో, తెలంగాణలో 2011 లెక్కల్లోనే 300 దాటింది. 2019 మార్చి 31న ఖాళీ అయిన జిల్లాల జనం మాడ్రిడ్ వీధుల్లో భారీ ఊరేగింపు తీశారు. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో "తెరువెల్ కూడా ఉంది" అనే అర్థం వచ్చే పేరుతో పోటీ చేసిన కూటమి పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు గెలిచింది. వాళ్ళ డిమాండ్లు చాలా మామూలువి: రైలు, డాక్టరు, ఇంటర్నెట్, రోడ్డు.

అస్తూరియాస్‌లో వలస ఇంకా పాతది. 19వ శతాబ్దంలోనే ఇక్కణ్ణుంచి క్యూబాకీ, మెక్సికోకీ, అర్జెంటీనాకీ ఓడలెక్కారు. సంపాదించి తిరిగొచ్చిన కొద్దిమంది సొంత ఊళ్ళో రంగురంగుల మేడలు కట్టి, వెళ్ళొచ్చిన దేశాల గుర్తుగా గుమ్మం ముందు తాటిజాతి చెట్టొకటి నాటారు. కొండల మధ్య పచ్చిక బయళ్ళలో ఆ చెట్టు దూరం నుంచే కనపడుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో అమెరికా డబ్బుతో కట్టి తాళం వేసిన మేడల మధ్య పెరిగినవాళ్ళకి ఆ ఇళ్ళు చూడగానే ఏదో తెలిసిన సంగతి తగులుతుంది. ఇంటిని చూసుకునే మనిషి ఒకరు, పండక్కి వచ్చే పిల్లలు, మిగతా ఏడాదంతా మూసిన కిటికీలు.

పోంతోన్ ఎక్కడం అంత కఠినమేం కాదు, పొడుగు ఎక్కువ. కంగాస్ సముద్ర మట్టానికి వంద మీటర్ల లోపే, కనుమ 1,280 మీటర్ల దగ్గర. మధ్యలో ఒసేహా దె సహాంబ్రే అనే ఊరు దాటాక అడవి మొదలవుతుంది, ఎక్కుడు పెరుగుతుంది. ఉత్తరపు గాలి మోసుకొచ్చిన మబ్బు తరచుగా ఆ వాలులోనే చిక్కుకుని ఉంటుంది. తడిసి ముద్దై ఎక్కి, కనుమ దాటగానే ఎండలోకి వెళ్ళడం ఇక్కడ మామూలు.

ఆ ఎండలో కింద మెరిసే నీళ్ళే రియాన్యో. మొదటిసారి చూసినవాళ్ళెవరికైనా నోట మాట రాదు. సున్నపురాయి కొండల నడుమ నీలం నీళ్ళు, వాటిమీద పొడవాటి వంతెన, ఆ వంతెన మీద ఎదురుగాలిలో మనం. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. ఎస్లా నది మీద ఆనకట్ట పని నియంత ఫ్రాంకో కాలంలో, 1960లలో మొదలై ఏళ్ళ తరబడి నత్తనడక నడిచింది. 1987లో ప్రజాస్వామ్య ప్రభుత్వం దాన్ని ముగించింది. పోలీసుల కాపలాలో ఇళ్ళు కూల్చారు. జనం కప్పుల మీదికెక్కి కూర్చున్నారు. ఆ ఏడాది డిసెంబరు ఆఖరున గేట్లు దించారు. పాత రియాన్యోతో పాటు లోయలోని మరికొన్ని ఊళ్ళు మునిగిపోయాయి. ఎగువన మిట్ట మీద కొత్త రియాన్యో కట్టారు. మునిగే ఊళ్ళలోని కొన్ని గుడులు విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. నీళ్ళు బాగా తగ్గిన ఏడాది అడుగున గోడల మొదళ్ళు బయటపడతాయి.

శ్రీశైలం ముంపు తెలిసినవాళ్ళకి ఇది వేరే దేశపు కథ అనిపించదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో నిలబెట్టారు. గుడి కదిలింది, ఊళ్ళు చెదిరాయి. రియాన్యో వంతెన మీద ఆగి ఫోటో తీసుకునేవాళ్ళని నేను తప్పు పట్టను, నేనూ తీసుకున్నాను. కానీ కొత్త ఊళ్ళోకి వెళ్ళి ఒక పూట గడపకుండా ముందుకు సాగిపోయేవాళ్ళని ఆపి చెప్పాలనిపిస్తుంది. ఆ నీళ్ళు దిగువ మైదానాల సాగుకీ, కరెంటుకీ పోతాయి. ముంచినందుకు ఆ లోయకి మిగిలింది చూడటానికి వచ్చే మనుషులే. అక్కడ తిని, అక్కడ పడుకుని లేవడం కనీస మర్యాద.

సాన్ గ్లోరియో వైపు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో బారు ఉంది. స్పెయిన్‌లో పల్లె బారు అంటే మందు కొట్టు మాత్రమే కాదు, ఊరి రచ్చబండ అదే. బ్రెడ్డు వ్యాను హారన్ కొట్టుకుంటూ వచ్చి, ఇంట్లో లేనివాళ్ళ బ్రెడ్డు అక్కడ దింపి వెళుతుంది. డాక్టరు ఏ రోజు వస్తాడో గోడ మీద కాయితం అంటించి ఉంటుంది. బ్యాంకు బండి వచ్చే రోజు ఏదో అక్కడే అడగాలి. నేను వెళ్ళేసరికి బయట చలిగాలి, లోపల నలుగురు ముసలాళ్ళు పేకాటలో ఉన్నారు. బల్ల మీద మందంగా కాల్చిన బంగాళదుంప ఆమ్లెట్టు, దానిమీద గాజు మూత. బారు నడిపే పెద్దావిడ ముక్క కోసి, పక్కన బ్రెడ్డు పెట్టి, అడక్కుండానే నా సీసాల్లో నీళ్ళు నింపింది. చలికాలంలో కూడా తెరుస్తారా, బేరం ఉంటుందా అని అడిగాను. "నేను మూస్తే వీళ్ళు పేకాట ఎక్కడ ఆడతారు బాబూ?" అంది. లాభం లెక్క ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ అలాంటి చోట్లు మూతపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఒక వేసవిలో బేరం తగ్గితే చాలు.

సైకిలిస్టుల వల్ల ఊళ్ళు బతుకుతాయా అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ అనుమానంలో నిజం ఉంది. పర్యాటకం బడిని తిరిగి తెరిపించదు. పోతెస్‌లో ఆగస్టు నెలలో కాలు పెట్టే చోటుండదు, నవంబరులో వీధులు బోసిపోతాయి. స్పెయిన్ అంతా తిరిగే పెద్ద సైకిలు పోటీ, వుయెల్తా రేసు, దీనికి ఇంకో ఉదాహరణ. 1983లో మొదటిసారి కోవదోంగా సరస్సుల దాకా ఎక్కించారు, 1999లో మొదటిసారి అంగ్లీరు కొండ ఎక్కించారు. టీవీలో ప్రపంచమంతా ఈ కొండలు చూసింది. వాటి కోసం వచ్చేవాళ్ళు ఒక్క కొండ ఎక్కి, టైము చూసుకుని, కారులో సైకిలు పెట్టుకుని తీరం వైపు హోటలుకి వెళ్ళిపోతారు. అందుకే నేను ఒక్కో కొండ లెక్కన కాకుండా చుట్టు లెక్కన తొక్కమంటాను. చుట్టు తొక్కినవాడు రాత్రికి ఎక్కడో ఆగక తప్పదు, మధ్యాహ్నం ఎక్కడో తినక తప్పదు. ఆ డబ్బు పేరున్న పట్టణంలో కాకుండా పేరు లేని ఊళ్ళో పడుతుంది.

సాన్ గ్లోరియో దగ్గర నా వాదనకి చిక్కుముడి పడుతుంది. ఆ కనుమ పరిసరాల్లో స్కీ కేంద్రం కట్టాలని ఒకప్పుడు గట్టి ప్రయత్నం జరిగింది. కాంతాబ్రియన్ ఎలుగుబంట్లు తిరిగే చోటని పర్యావరణవాదులు కోర్టుకెక్కారు, పథకం ఆగిపోయింది. ఆగడం మంచిదే అని నా నమ్మకం. ఆ ఎలుగుబంట్లు అంతరించే అంచు దాకా వెళ్ళి మెల్లగా కోలుకుంటున్నాయి, మంచేమో ఏటికేడు నమ్మకం లేనిదవుతోంది. కానీ ఉద్యోగాలొస్తాయని ఆశపడ్డ ఊళ్ళకి మనం ఏం చూపించాం? కొండని కాపాడమన్నవాళ్ళం, ఆ కొండ అందం కోసమే వచ్చేవాళ్ళం, ఆ ఊళ్ళలో కాఫీ కూడా తాగకుండా దిగిపోతే మన మాటకి విలువ ఉండదు.

కనుమ నుంచి పోతెస్‌కి దిగుడు 27 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దిగే ఎత్తు 1,300 మీటర్లు. పైన చెట్టు లేని గడ్డి కొండలు, కాస్త దిగితే బీచ్ చెట్ల అడవులు, ఇంకా దిగితే ద్రాక్ష తోటలు, బెరడు ఒలిచిన కార్క్ చెట్లు. నాలుగు పక్కలా కొండలు వాన మబ్బుల్ని ఆపేయడంతో ఈ లోయలో వాతావరణమే వేరు, దక్షిణ స్పెయిన్‌లో ఉన్నట్టుంటుంది. ఇక్కడి శనగలు చిన్నవి. మాంసం, క్యాబేజీ వేసి గంటల తరబడి ఉడికించిన ఆ శనగల కూర తిన్నాక మధ్యాహ్నం సైకిలెక్కడం అయ్యే పని కాదు, రాత్రికి అక్కడే గది చూసుకోండి. మాంసం తిననివాళ్ళు ముందుగా అడిగితే చేసిపెట్టేవాళ్ళు లేకపోలేదు గానీ, వంటిల్లు సాయంత్రం నాలుగు దాటితే మూసేస్తారని మాత్రం గుర్తుంచుకోవాలి.

పోతెస్ కింద ఎర్మీదా గండి. ఇందులో గోడలు 600 మీటర్లు దాటి లేస్తాయి. రాబందులు అంచుల మీద కూర్చుని ఉంటాయి. నడుమ లెబేన్యా దగ్గర లోయ కాస్త విచ్చుకున్న చోట 10వ శతాబ్దపు చిన్న చర్చి ఉంది. దాని తోరణాలు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి, దక్షిణాన ముస్లిం పాలనలో బతికిన క్రైస్తవులు తెచ్చిన పద్ధతి. సైకిలిస్టులు దాన్ని దాటి పోతారు, ఎందుకంటే దిగుడులో వేగం బాగుంటుంది. ఆగండి. రోడ్డు నుంచి కొంచెమే దూరం.

ఈ రోడ్డు గురించే ఎక్కువ గొడవ. లియెబనా లోయ నుంచి తీరానికి బయటపడటానికి ఇదే దారి. ఇరుకు, మలుపులు, బస్సూ లారీ ఎదురుపడితే ఒకటి ఆగాల్సిందే. రాళ్ళు పడి మూసుకుపోయిన రోజులున్నాయి. అలాంటప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళ గతేమిటి? వెడల్పు చేయమని లోయ జనం ఏళ్ళ తరబడి అడిగి అడిగి, చివరికి ఈ దశాబ్దంలో పనులు మొదలయ్యాయి. సైకిలిస్టుల కబుర్లలో దీనిమీద చాలా విచారం వినిపిస్తుంది: పాత దారి అందం పోతుంది, కార్ల వేగం పెరుగుతుంది అని. వేగం పెరగడం గురించి నాకూ భయమే. కానీ నొప్పులొచ్చిన ఆడమనిషిని తీసుకుని రాత్రి పూట ఆ 21 కిలోమీటర్లు దిగాల్సిన ఇంటివాళ్ళ ముందు నిలబడి, మీ రోడ్డు ఇరుగ్గా ఉంటేనే మాకు ముచ్చటగా ఉంటుందని చెప్పే మొహం నాకు లేదు. నదిలోకి మట్టి పోయకుండా, గోడల్ని అవసరానికి మించి పేల్చకుండా, పక్కన సైకిలుకి కాస్త అంచు వదిలి చేయమని అడుగుదాం. అడిగే హక్కు మనకుంది. ఆపమనే హక్కు లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చివరిగా కొన్ని మాటలు. మే చివర, జూను, సెప్టెంబరు నెలలు మంచివి. ఆగస్టు వద్దు. పడుకోవడానికి కంగాస్, పోతెస్ రెండే కాకుండా ఒక రాత్రి రియాన్యోలో, వీలైతే ఇంకో రాత్రి ఒసేహా లాంటి చిన్న ఊళ్ళో గది చూసుకోండి, ముందు ఫోన్ చేసి మరీ వెళ్ళండి. పల్లె కొట్లు మధ్యాహ్నం రెండింటికి మూసి ఐదింటికి తెరుస్తారు, ఆదివారం అసలు తెరవకపోవచ్చు. గేర్ల విషయంలో మొహమాటం వద్దు, ముందు 34, వెనక 34 పళ్ళు ఉంటే మోకాళ్ళు బతుకుతాయి. టైర్లు 28 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి. తీరం వెంట నడిచే మీటరు గేజి రైలు ఉంకేరాలో ఆగుతుంది, ఎర్మీదా గండి దిగినవాళ్ళకి పానెస్ తర్వాత అదే స్టేషను. నగదు దగ్గరుంచుకోండి, ఐదు యూరోల బిల్లుకి కార్డు తీస్తే ఇబ్బంది పడే బార్లు కొండల్లో ఇంకా ఉన్నాయి.